ఎత్తిన తలలు: ఒకటి

మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన రికార్డుల తనిఖీ ఆవిడ మహా గట్టిది. కామా తప్పు పడినా ఊరుకోదు. పోయిన వారం పాత ఫారాల కట్ట ముందేసుకుని కూర్చుని, కళ్ళద్దాల మీదుగా నన్ను చూస్తూ, "మేడమ్, ఇక్కడ తప్పు దొర్లినట్టుంది" అంది.

ఆవిడ చూపించిన ఫారం మా విమానం ఉదయగిరి పక్కన ఎగిరిన ఒక పొద్దుటిది. గాలి వేగం, బ్యాటరీ వేడి, చప్పుడు కొలత, అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖరి గడి పేరు 'ఎత్తిన తలలు'. దాన్లో నా చేతిరాతతో 'ఒకటి' అని ఉంది.

"వీడియో నాలుగుసార్లు చూశాను. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు. ఇక్కడ సున్నా ఉండాలి కదా. దిద్దేయమంటారా?"

"దిద్దొద్దు. అది కరెక్టే."

"మరి ఆ ఒక్క గొర్రె ఎక్కడుంది మేడమ్?"

"అది గొర్రె కాదు" అన్నాను. ఆవిడ కలం మూత పెట్టేసింది. ఈ మనిషికి మతి గాని పోయిందా అన్నట్టు చూసింది. ఆవిడ తప్పేం లేదు, విమానం పరీక్ష ఫారంలో గొర్రెల తలలెందుకని అడగని వాళ్ళు ఇంతవరకు నాకు తగల్లేదు. ఆ గడి పెట్టించిన గొర్రెల పెద్దాయన పోయి నెల దాటింది. ఆయన కోడలు ఫోన్ చేసి, "మామ పోయినాడమ్మా. పొద్దున సద్ది తాగినాడు, గొర్రెల్ని ఇప్పినాడు, మంచం మీద ఒరిగినాడు. అంతే" అని చెప్పింది. అంత సుళువుగా పోవడం కూడా ఆయనకే తగును. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు గాని, తనిఖీ ఆవిడ 'దిద్దేయమంటారా' అన్నప్పుడు మాత్రం ఆ గడి మీద చెయ్యి అడ్డం పెట్టేశాను.

మేం చేస్తున్నది కరెంటుతో ఎగిరే అంబులెన్సు. రన్‌వే అక్కర్లేదు. ఎనిమిది ఫ్యాన్ల మీద ఉన్నచోటినుంచి నిటారుగా లేస్తుంది, ముందుకు వంగి పోతుంది, ఆస్పత్రి మిద్దె మీద దిగుతుంది. మాది ఆత్మకూరు. మా నాయన ఉదయగిరి నుంచి నెల్లూరుకు బస్సు నడిపేవాడు. ఆయన బస్సులోనే ఇద్దరు పిల్లలు పుట్టారు. అందులో ఒకడికి నాయన పేరే పెట్టారని ఇప్పటికీ మీసం దువ్వుకుంటాడు. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. పురిటినొప్పుల మనిషిని అన్ని గంటలు బస్సులో కుదిపించడం ఒక గొప్పా! ఉదయగిరిలో ఎక్కిన మనిషి అరగంటలో నెల్లూరులో దిగాలి. ఆ పంతంతోనే నేను ఈ పనిలో పడ్డాను.

ఎగరడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా చప్పుడుతోనే. ఊళ్ళ మీద రోజూ తిరగాల్సిన బండి చెవులకు చిల్లులు పొడిస్తే జనం ఒప్పుకోరు, అనుమతీ రాదు. చప్పుడు తగ్గితేనే ప్రాజెక్టు, లేదంటే మూత అని పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. సగం సైజులో, లోపల మనిషి లేకుండా, కింద నుంచి నడిపే నమూనా ఒకటి చేసుకుని, దుత్తలూరుకూ ఉదయగిరికీ మధ్య బీళ్ళలో దాన్ని ఎగరేయడానికి అనుమతి తెచ్చుకున్నాం. మనుషులుండరు, ఎవరికీ ఇబ్బంది లేదు అని కాగితాల మీద రాసింది నేనే. మనుషులు లేని చోట గొర్రెలుంటాయని ఆత్మకూరులో పుట్టిన దాన్ని, నాకు తట్టకపోవడం చూడండి!

మొదటి రోజే మంద చెదిరిపోయింది. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చల జోడిపి గొర్రెలు, తొంభై పైచిలుకు, తలో దిక్కు పట్టాయి. గంట తర్వాత ఒక ముసలాయన కర్ర పట్టుకుని మా గుడారం దగ్గరికి వచ్చాడు. మండుటెండలో భుజాన గొంగళి. చెవి మీద వేపపుల్ల. అరుస్తాడనుకుని మావాళ్ళు తలొంచుకున్నారు. ఆయన అరవలేదు.

"దీనికి పెద్ద ఎవురు?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. ధైర్యవంతులు!

"రా అమ్మణ్ణీ" అన్నాడు. వెంట వెళ్ళాను. ఒక బండరాయి పక్కన గొర్రె పడుకుని ఉంది. భయానికి పరుగెత్తి ఈచుకుపోయింది, కడుపులో పిల్ల జారిపోయింది. నెల తక్కువ పిల్ల, నేల మీద తడిగా, కదలకుండా ఉంది. ఆయన నన్ను ఆ రాతి మీద కూర్చోమన్నాడు. తనూ కూర్చున్నాడు. ఆ తల్లి లేచి, పిల్లను నాకి, మళ్ళీ పడుకునేదాకా నన్ను కదలనివ్వలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేసి ఊరట పడేదాన్ని.

చివరికి నేనే నోరు తెరిచి, "మా మైకుల్లో చప్పుడు తక్కువే వచ్చింది తాతా. మీ రోడ్డు మీద బస్సు కన్నా తక్కువ" అన్నాను. ఎంత తెలివైన మాటో!

"బస్సు హారన్ కొడితే నా గొర్రె కదల్దు. అది తెలిసిన సద్దు. యాడుండాదో, ఎటుపోతాదో దానికి తెలుసు. నీది చెవికాడ దోమ మాదిరి ఉండాది. సద్దు ఎంతని కాదు మే, ఎట్టాంటిదని చూసుకో."

సరిగ్గా ఇదే సంగతి ఆ ఏడాది మా రంగంలో పెద్దపెద్ద వాళ్ళు తలలు పట్టుకుని తవ్వుతున్నారు. చప్పుడు ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, దాన్లో సన్నటి కూత ఉందా అన్నది మనిషిని చిరాకు పెడుతుందని. నేను లాప్‌టాప్‌లో చదివిన దాన్ని ఆయన రాతి మీద కూర్చుని చెప్పేశాడు.

"మరి తగ్గిందో లేదో నాకెట్టా తెలుస్తుంది?" అన్నాను.

"మేసే గొర్రె తల ఎత్తిందా, నీ బండి పనికిరాదు. ఎత్తలా, పనికొస్తాది. మైకు ఏందో నాకు తెలీదు గానీ, మెడ అబద్ధం చెప్పదు."

ఆ విధంగా మా ఫారంలో ఆఖరి గడి చేరింది. ఎగిరే ముందు కబురు చేస్తాం, చూడిగొర్రెల్ని ఆయన దూరంగా తోలేస్తాడు, మిగిలిన మంద మేస్తుంటే పైన మా బండి పోతుంది. అదీ ఒప్పందం.

ఆయన గురించి చెప్పాలంటే ఆ గొంగళి గురించి చెప్పాలి. నడివేసవిలో కూడా దించేవాడు కాదు. ఉక్కపోయదా తాతా అంటే, "చలిని ఆపేది ఎండని ఆపదా?" అనేవాడు. నీ గొర్రెల బొచ్చేనా అని ఒకసారి అడిగితే పకపకా నవ్వాడు. "నెల్లూరు గొర్రెకి బొచ్చు యాడిది మే? ఇది అనంతపురం సరుకు. ఇంజినీరువంటనే, గొర్రెకీ మేకకీ తేడా తెలీదా నీకు?" అన్నాడు. ఆ మాట మావాళ్ళంతా విన్నారు. నెల రోజులు నన్ను ఏడిపించారు.

చేత్తో దేన్నీ చూపించేవాడు కాదు, గడ్డంతో చూపించేవాడు. మా కాగితం గ్లాసులో టీ పోస్తే, "ఇది తాగేదా, నమిలేదా?" అని తన సత్తుగ్లాసు తీసి దాన్లోకి ఒంపుకునేవాడు. నన్ను అమ్మణ్ణీ అనేవాడు. కోపమొస్తే మే అనేవాడు. నాతో మే అన్నవే ఎక్కువ.

ఇక లెక్క! బండి పైన పోతుండగా మంద మీద ఒకసారి చూపు తిప్పి, "ఇరవై రెండు" అనేవాడు. మేం నమ్మలేదు. వీడియో ఆపి, తెర మీద వేలు పెట్టి, మాలో ఇద్దరం అరగంట లెక్కపెడితే ఇరవై మూడు వచ్చింది. నేను గెలిచినట్టు పరుగున పోయి చెప్పాను. ఆయన తెర వైపు కూడా చూడలేదు.

"ఆ ఒకటి మేక. దాన్ని లెక్కలోకి తీసుకోబాక. అది ఊరికే కూడా తలెత్తాది."

నిజంగానే మేక. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరైనా పనిలేకుండా తల దూరిస్తే మేక అంటాం.

ఇంకొకటి చెప్పాలి. మూడేళ్ళపాటు ఆయన మా బండిని ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. పిల్లలూ పెద్దలూ ఉదయగిరి నుంచి ఆటోలు కట్టుకుని వచ్చి ఆ వింత చూసేవాళ్ళు. ఈయన మాత్రం రాతి మీద కూర్చుని మందనే చూసేవాడు. ఒక్కసారి చూడు తాతా, ఎంత బాగుందో అని నేను బతిమాలితే, "దాన్ని చూసేదానికి మీరుండారు గదా. గొర్రెల్ని చూసేదానికి నేను తప్ప ఎవురుండారు?" అనేవాడు. నాకు చిన్నతనంగా ఉండేది. తాను కన్న బిడ్డను పక్కింటివాళ్ళు చూడకపోతే తల్లికి ఎలా ఉంటుంది!

రెండో ఏడు ఎండాకాలంలో మా పని అటో ఇటో తేలే రోజు వచ్చింది. ఫ్యాన్లు పెద్దవి చేసి, నెమ్మదిగా తిరిగేట్టు మార్చాం. ఆ వారంలో మంచి ఫలితం పంపితే ప్రాజెక్టు నిలుస్తుంది, లేకపోతే మూస్తారు. ఆ రోజు ఎగరడానికి మాకు దొరికిన సమయం పన్నెండు నుంచి ఒంటిగంట. పెద్దాయన ఏదో పని మీద ఉదయగిరి పోయాడు. మందను కోడలు చూస్తూ ఉంది, ఆమె వంట చెరుకు ఏరుకుంటూ దూరంగా ఉంది. బండి మంద మీదుగా నాలుగుసార్లు పోయింది. ఒక్క తల లేవలేదు. ఒక్కటంటే ఒక్కటి! మేం ఎగిరి గంతులేశాం. ఆఖరి గడిలో సున్నా వేసి, ఆ సున్నా చుట్టూ ఇంకో సున్నా చుట్టాను. మా నాయనకు ఫోన్ చేసి మిఠాయి తెమ్మన్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. ఎదురెళ్ళి ఫారం మొహం మీద పెట్టాను.

"ఎట్టెట్టా! ఒక్కటీ ఎత్తలా? ఏ పొద్దులో ఎగరేసినారు?"

"పన్నెండున్నరకి."

ఆయన గొంగళి సర్దుకుని, రాతి మీద కూర్చుని, చప్పుడు లేకుండా భుజాలు కదిలిపోయేట్టు నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు నవ్వుతావు?"

"మిట్టమద్దేనం గొర్రె ఏం చేస్తాదో చూసినావా? ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి గుంపుగా నిలబడతాది, ఆ నీడకి. అప్పుడు పిడుగు పడినా తల ఎత్తదు. ఎత్తితే ఎండ తగులుద్ది గదా! మేసే గొర్రె ఎత్తకూడదని చెప్పినా గానీ, మొఖం దాచుకున్న గొర్రె అని చెప్పినానా?"

వీడియో చూశాను. నిజమే. తొంభై గొర్రెలు, ఒక్క తలా కనిపించదు, అన్నీ వీపులే. తలలు కనిపించని మందలో తలలు లేవలేదని నేను పండగ చేసుకున్నాను. మా మందలో ఇంజినీరింగ్ చదివినవాళ్ళు ఆరుగురు, ఒక్కరికీ తోచలేదు.

"ఈ సంగతి మనకి తప్ప ఎవరికీ తెలీదు తాతా" అన్నాను. ఆ మాట అన్నానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. మెయిలు సిద్ధంగా ఉంది, నొక్కడమే తరువాయి. నొక్కకపోతే ఆరుగురి ఉద్యోగాలు, నా అంబులెన్సు, అన్నీ పోతాయి.

ఆయన పంపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వేపపుల్ల తీసి కొస చూసుకుని, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

"కాగితం నీది, నువ్వెట్ట రాస్తే అట్ట. రేపు నీ బండి ఊళ్ళమీదికి వచ్చినప్పుడు మాత్రం ఎవురూ ఎవురి కడుపుకిందా తల దాచుకోని ఉండరు."

ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి గుడారంలోకి వచ్చేశాను. ముసలోడికి ఇదే రోజు దొరికిందా ఊరికి పోవడానికి, పోయినవాడు రేపు రాకూడదా అని. పది నిమిషాలు కూర్చున్నాను. తర్వాత రెండు సున్నాలూ అడ్డంగా కొట్టేసి, మర్నాడు పొద్దుటికి మళ్ళీ అనుమతి ఇమ్మని బతిమాలుకున్నాను. మర్నాడు చల్లటి పొద్దులో, మేస్తున్న మంద మీద ఎగరేశాం.

"పంతొమ్మిది" అన్నాడు.

పంతొమ్మిది అనే రాసి పంపాను. పైవాళ్ళు ఆరు నెలలు మా పని ఆపేశారు. ముగ్గురు వేరే చోట్లకు వెళ్ళిపోయారు. ఇంటికి పోతే నాయన, "గొర్రెలాయన మాట ఇని బంగారం లాంటి రిజల్టు కొట్టేసినావంట! నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. అలిగి ఇంట్లో అన్నం మానేశాను. రెండు రోజులు పోయాక ఆయనే నా పక్కన కూర్చుని, "బ్రేకు పట్టని బండిని పట్టిందని నేనెప్పుడూ రాయలేదులే" అన్నాడు. అప్పుడు తిన్నాను.

ఆ ఆరు నెలల్లో చేతిలో డబ్బు లేక, చిన్న ఫ్యాన్లను చెక్కతో చేయించాం. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళు మేం గీసిచ్చిన బొమ్మ చూసి, అచ్చుగుద్దినట్టు నునుపుగా చెక్కి ఇచ్చారు. ఒకదాంట్లో రెక్కలన్నీ సమాన దూరంలో ఉంటాయి. ఇంకోదాంట్లో దూరాలు కావాలనే ఎగుడుదిగుడుగా పెట్టాం. రెక్కలు సమంగా ఉంటే చప్పుళ్ళన్నీ ఒకే కూతగా కలుస్తాయి, దూరాలు మార్చితే ఆ కూత చెదిరిపోయి ఉత్త గాలిలా వినిపిస్తుందని లెక్కలు చెప్పాయి. బల్ల మీద మోటారు బిగించి, పెద్దాయన్ని కళ్ళు మూసుకోమని రెండూ తిప్పాం.

మొదటిదానికి మొహం చిట్లించి, "దోమ" అన్నాడు. రెండోదానికి కాసేపు ఊరుకున్నాడు. "ఇది యాపచెట్లో గాలి మాదిరి ఉండాది. దీన్ని పెట్టు" అన్నాడు. ఫలానా లెక్క ప్రకారం అని నేను మొదలుపెట్టేసరికి గడ్డంతో మందను చూపించి లేచిపోయాడు.

అదే పెట్టాం. పోయిన చలికాలంలో, గడ్డి మీద మంచు ఆరని పొద్దులో ఎగరేశాం. ఆ తనిఖీ ఆవిడ పట్టుకున్న ఫారం ఆ రోజుదే. పిల్లతల్లులతో సహా మంద మేస్తూ ఉంది. నేను బండిని చూడలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నట్టే గొర్రెల్నే చూస్తూ నిలబడ్డాను. బండి వచ్చింది, పోయింది. గడ్డి కొరుకుతున్న పటపట చప్పుడు ఆగలేదు. పిల్లలు పాలు వదల్లేదు. మేక కూడా తల ఎత్తలేదు! ఏడుస్తూ నవ్వుతూ ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"సున్నా తాతా! సున్నా!"

"ఒకటి రాయి" అన్నాడు.

"ఏది? ఒక్కటీ ఎత్తలేదు. నేను కళ్ళారా చూశాను."

"నాది."

అర్థం కాలేదు. ఆయన ఎటో చూస్తూ, తప్పు చేసిన వాడిలా గొంగళి అంచు నలుపుకుంటూ చెప్పాడు.

"ఎప్పుడూ దాని సద్దు చెవిలో ఉంటాది, యాడుండాదో తెలస్తా ఉంటాది. ఈ పొద్దు ఏమీ ఇనపళ్ళా. పడిపోయిందేమో, ఈ పిల్ల కష్టమంతా మట్టిలో కలిసిపాయనేమో అని గుండె జారినాది అమ్మణ్ణీ. తలెత్తి చూసినా."

మూడేళ్ళు బతిమాలినా చూడని మనిషి!

"ఎట్టుంది తాతా?" అన్నాను.

"బాగానే ఉండాది. తెల్లంగా, కొంగ మాదిరి" అన్నాడు. అంతలోనే కర్ర తాటించి, "రాయి, రాయి. ఎత్తినప్పుడు రాయాల గదా. ఆ పొద్దు రెండు సున్నాలు కొట్టేసినదానివి, ఈ పొద్దు ఒకటి రాసేదానికి ఏడస్తావేంది మే?" అని కసిరాడు. ఒకటి అని రాశాను. పైవాళ్ళు ఆ ఒకటిని పట్టించుకోలేదు, చప్పుడు కొలతలు చూసి పని కొనసాగించమన్నారు.

నిన్న పూర్తి సైజు బండి, మొదటిసారి లోపల మనిషితో, అదే బీడు మీద ఎగిరింది. తనిఖీ ఆవిడను నాతోపాటు తీసుకెళ్ళాను. ఆత్మకూరు దాటిన దగ్గర్నుంచి ఉదయగిరి కొండ కనిపించేదాకా ఈ కథంతా చెప్పుకుంటూ పోయాను. ఆవిడ మధ్యలో ఒక్క కామా కూడా దిద్దలేదు. పెద్దాయన కోడలు మందతో సిద్ధంగా ఉంది. భుజం మీద ఆ గొంగళే. మమ్మల్ని ఎక్కడ నిలబడాలో గడ్డంతో చూపించింది.

బండి లేచింది. మంద మీదుగా పోయింది. ఉదయగిరి వైపు తిరిగి, వచ్చి, మెల్లగా దిగింది. వేపచెట్టులో గాలి కొట్టినంత చప్పుడు. లోపలి నుంచి పైలట్ దిగి చెయ్యి ఊపాడు. తనిఖీ ఆవిడ మందను ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు చూసి, ఫారం తీసి, సంతోషంగా, "సున్నా మేడమ్" అంది.

కోడలు నవ్వింది. "సున్నా యాడిది? బండి లేసినకాడి నుంచి దిగేదాకా మీ మేడమ్ తల దించితే గదా!"

అప్పుడు తెలిసింది, నా మెడ నొప్పి పుడుతోందని.

తనిఖీ ఆవిడ కళ్ళద్దాల మీదుగా నన్ను ఒకసారి చూసింది. మారు మాట్లాడకుండా ఆఖరి గడిలో 'ఒకటి' అని రాసింది.